పందొమ్మిదో కంకణం

చంద్రశిలా నగరం నడిబొడ్డున, శ్యామవేణీ నది నీళ్లు గోడల్ని ఒరుసుకుంటూ పారే చోట, కంచు మండపం ఉంది. దానికి నూట ఎనిమిది స్తంభాలు. ప్రతి స్తంభం మీద తొండాలెత్తిన ఏనుగులు, వాటి దంతాల మీద పొదిగిన చంద్రకాంత శిలలు. కప్పు మధ్యలో అరచేతి వెడల్పున ఒక రంధ్రం. పొద్దు పొడవగానే ఆ రంధ్రంలోంచి దిగిన ఎండ పడమటి గోడ మీద పడి, మెల్లగా నేల మీదికి జారి, సరిగ్గా మిట్టమధ్యాహ్నానికి మండపం నడుమనున్న రాతి సింహం పాదాలను తాకుతుంది. అప్పుడు శంఖం మూడుసార్లు మోగుతుంది. మూడో శంఖంతో సభ ముగిసినట్టే. ఆ తరువాత సాక్షాత్తు రాణి అడిగినా తీర్మానం మారదు.

ఆ రోజు ఎండ ఇంకా గోడ మీదే ఉంది. అప్పటికే మండపంలో రెండు కత్తులు ఒరల్లోంచి సగం బయటికి వచ్చాయి.

కత్తుల మీద చెయ్యి వేసినవాళ్లు శత్రువులు కారు. పొయ్యికింత అని పన్ను వేసి దేశాన్ని పీల్చి పిప్పి చేసిన భీమకేతు మహారాజు కోటను పన్నెండేళ్ల క్రితం ఒకే తాడు పట్టుకుని ఎక్కినవాళ్లు. ఆ రోజు కోట ఎక్కినవాళ్లంతా రాగి కంకణాలు తొడుక్కుని, ఈ రాజ్యంలో ఇక పొయ్యి మీద పన్ను ఉండదని ప్రమాణం చేశారు. అప్పటినుంచి వాళ్లకు రాగికంకణ పక్షమనే పేరు వచ్చింది. సింహాసనం మీద హేమప్రభా రాణి కూర్చున్నా, కొత్త పన్ను వేయాలంటే ఆ పక్షంలోని పందొమ్మిది మంది పెద్దలలో ఎక్కువమంది ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఆ పక్షమే నిలువునా చీలిపోయింది. ఉత్తరాన నది కరకట్ట బీటలు వారిందనీ, ఖజానాలో దాన్ని బాగుచేయించేంత ధనం లేదనీ, ఒక్క ఏడాదికి పొయ్యి పన్ను మళ్లీ వేయక తప్పదనీ కోశాధికారి నాగదత్తుడు సభ ముందు పెట్టాడు. కుశలవర్మ లేచి అడ్డుకున్నాడు. కోట గోడ మీద అతని తమ్ముడు ఈ ప్రమాణం కోసమే ప్రాణం విడిచాడు. బీటల మాట వట్టి సాకు అనీ, ఒక ఏడాది అని మొదలుపెట్టిన పన్నును ఏ రాజూ తీసేయలేదనీ అతను వాదించాడు. నాగదత్తుడు అతన్ని మొండివాడన్నాడు. అతను నాగదత్తుణ్ణి ద్రోహి అన్నాడు. పెద్దలు ఒక్కొక్కరే లేచి కంకణాలు తీశారు. పన్ను కావాలన్నవాళ్లు సింహానికి కుడివైపున, వద్దన్నవాళ్లు ఎడమవైపున పెట్టారు. కుడివైపు తొమ్మిది, ఎడమవైపు తొమ్మిది.

పందొమ్మిదో పెద్ద భల్లటుడు సభలో లేడు. ఆనాటి ప్రమాణంలో ప్రతి మాటా రాసింది ఆ ముసలాయనే. ఉత్తర గ్రామాలు చూడడానికి వెళ్లి, తిరిగి వస్తూ మూడు రోజుల క్రితం దారిలో మాయమయ్యాడు. అతన్ని మీరే దాచారంటే మీరే దాచారని రెండు వర్గాలూ ఒకరినొకరు నిందించుకుంటున్నాయి.

మండపం ద్వారం దగ్గర కుశలవర్మ అంగరక్షకుడు కేదారుడు కాపలా ఉన్నాడు. నడుముకు తన నాయకుడి గుర్తయిన ఎర్ర దట్టీ కట్టుకున్నాడు. అతను ఉప్పుతిప్ప వాడు. సముద్రపు ఒడ్డున ఉప్పునీళ్లు కాచి ఉప్పు తీసే ఊరది. అక్కడ ఒక్కో ఇంటికి పది, పన్నెండు పొయ్యిలుంటాయి. భీమకేతు కాలంలో పన్ను కట్టలేని ఇళ్లలో రాజభటులు పొయ్యిల మూతికి లక్క పోసి ముద్ర వేసేవారు. కేదారుడు ఏడేళ్ల వయసులో ఒక వర్షాకాలమంతా నానబెట్టిన బియ్యం నమిలి బతికాడు. పొయ్యి పన్ను అనే మాట చెవిన పడితే ఇప్పటికీ అతని దవడ బిగుసుకుంటుంది.

జనాన్ని తోసుకుంటూ ఒక యువతి అతని దగ్గరికి వచ్చింది. మణికట్టు మీద డేగ ఉంది. ఆమె భల్లటుడి కూతురు కువలయ. తండ్రితో వెళ్లిన డేగ ఈ ఉదయమే ఒంటరిగా ఇల్లు చేరిందనీ, దాని గోళ్ల మధ్య ఎర్రటి మన్నేదో అంటుకుని ఉందనీ, అది ఏ ఊరి మన్నో ఎవరూ చెప్పలేకపోతున్నారనీ ఆమె అంది. కేదారుడు డేగ కాలు పట్టుకుని, గోటి సందున మెరుస్తున్న పొడిని వేలికి అంటించుకుని నాలుక మీద వేసుకున్నాడు.

"ఇది మన్ను కాదమ్మా, ఉప్పు. ఇంత చేదు ఉప్పు సముద్రంలో దొరకదు. గృధ్రగిరి కింద ఎర్ర ఊట ఒకటుంది. అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు."

గృధ్రగిరి పేరు వినగానే పక్కనున్న భటుడు రెండడుగులు వెనక్కి వేశాడు. అది మాంత్రికుడు కాలజంఘుడి చోటు.

భల్లటుణ్ణి తెచ్చి సభలో నిలబెడితే ఎడమవైపు పది అవుతాయని కేదారుడు లెక్కవేసుకున్నాడు. ప్రమాణం రాసినవాడు ప్రమాణం వైపు కాక ఇంకెటు నిలబడతాడు? ఎవరూ ద్వారం వదలరాదని నాయకుడి ఆజ్ఞ. అయినా అతను బల్లెం పక్కవాడి చేతికిచ్చాడు. అంగడి వీధిలో సాంబ్రాణి అమ్మేవాడి అంగీ, తలగుడ్డ తీసుకుని పైన వేసుకుని, సాంబ్రాణి బుట్ట చంకన పెట్టుకున్నాడు. కాసేపటికి అతనూ కువలయా ఎక్కిన రెండు గుర్రాలు ఉత్తర ద్వారం దాటి దుమ్ము రేపుకుంటూ పోయాయి.

గృధ్రగిరి ఆమడ దూరం. దారి పొడవునా మోదుగుపూలు నిప్పులు రాల్చినట్టు నేలను కప్పేశాయి. ఆ ఎరుపు దాటాక చెట్లు కురచవై, ఆకులు నల్లబడి, చివరికి పక్షి కూత కూడా వినబడకుండా పోయింది. రెక్కలు విప్పిన గద్దలాంటి కొండ. దాని ముక్కు కింద గుహ. గుహ ముందు నెత్తురు కలిపినట్టున్న నీళ్లతో ఊట బుగబుగలాడుతోంది. దాని అంచుల నిండా ఉప్పు గవ్వల్లా పేరుకుని ఉంది. కువలయ డేగ తలకు తొడుగు వేసి పైటచెంగు కింద దాచుకుంది.

కాలజంఘుడు గుహ వాకిట్లో గుంట నిండా బంకమన్ను పోసి, మోకాళ్ల దాకా దిగి తొక్కుతున్నాడు. తాటిదూలాల్లాంటి నల్లటి పిక్కలు, నడుము దాకా వేలాడే జడలు. చూడబోతే కుండలు చేసుకునే మనిషిలాగే తీరిగ్గా ఉన్నాడు. సాంబ్రాణి కొంటారా అని కేదారుడు వంగి దండం పెట్టాడు. మాంత్రికుడు తొక్కడం ఆపకుండానే నవ్వాడు.

"అంగీ కింద ఎర్ర దట్టీ కనబడుతోందిరా. కుశలవర్మ మనిషివి, నీకు వేషమెందుకు? మధ్యాహ్నం దాటేదాకా ముసలాణ్ణి అట్టేపెట్టమన్నాడు మీ నాయకుడు. ఇంకా పొద్దుంది. అప్పుడే వచ్చావేం?"

కేదారుడు వంగిన నడుము ఎత్తలేదు. తొమ్మిదికి తొమ్మిది సరితూగితే పాత ప్రమాణమే నిలుస్తుంది. ఈ సంగతి చంద్రశిలలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. భల్లటుడు రాకపోతే లాభం ఎవరికో ద్వారం దగ్గర నిలబడి ఒక్క క్షణం ఆలోచించి ఉంటే తనకే తెలిసేది. తన నాయకుడి మీద ఆలోచన అంతదూరం పోలేదు. పక్కన కువలయ తన వంక చూస్తోందని చూడకుండానే తెలిసింది.

"నాయకుడు ముసలాయన్ని కళ్లారా చూసి రమ్మన్నాడు. ఈమె ఆయన బిడ్డ. గుర్తుపట్టడానికి తెచ్చాను" అన్నాడు, గొంతు తొణకకుండా.

"అలాగా. గుర్తుపట్టమను, చూద్దాం" అంటూ మాంత్రికుడు గుంటలోంచి లేచి గుహలోకి నడిచాడు.

లోపల దివిటీల వెలుగులో నలభై మట్టి మనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. అందరూ ఒకే ఎత్తు, అందరికీ ఒకే ముఖం, అందరి చేతుల్లోనూ ఇనుప గదలు. కళ్లు మూసుకుని ఉన్నాయి. వాటిలో ఒకదాని లోపల ప్రాణమున్న మనిషి ఉన్నాడని కాలజంఘుడు గర్వంగా చెప్పాడు. ముక్కు దగ్గర గింజంత కన్నం తప్ప తేడా లేదనీ, దివిటీ పెట్టి చూసినా కనబడదనీ అన్నాడు. కువలయ వరుస వెంట నడిచింది. ఒక చివర నుంచి మరో చివరకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. చివరికి పైట కింద చెయ్యి పెట్టి డేగ తల మీది తొడుగు లాగేసింది.

డేగ ఎగిరి గుహ చుట్టూ ఒక్కసారి తిరిగి, తిన్నగా వెళ్లి పదిహేడో బొమ్మ భుజం మీద వాలింది.

మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. మనుషులు అబద్ధం ఆడతారు గాని డేగ ఆడదు. వీళ్లు చూసిపోవడానికి రాలేదని అతనికి అర్థమైంది. అతని పెదవులు కదిలాయి. ముప్పై తొమ్మిది జతల కళ్లు ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

కేదారుడు బుట్టెడు సాంబ్రాణి పొడినీ దివిటీ కింది నిప్పుల మీద గుమ్మరించాడు. భగ్గుమని లేచిన తెల్లటి పొగలో గుహ మునిగిపోయింది. మాంత్రికుడు దగ్గుతో మంత్రం మింగేశాడు. గాలిలో గదలు ఊగాయి. ఒకటి కేదారుడి చెవి పక్కగా పోయి రాతిని పగలగొట్టింది. అతను పదిహేడో బొమ్మను భుజాన వేసుకుని, పొగలో వెలుతురు పలచగా కనబడిన వైపుకు పరుగెత్తి, ఊట గట్టు మీద పడ్డాడు. కువలయ దోసిళ్లతో ఉప్పునీళ్లు తోడి పోసింది. మట్టి ముద్దలు ముద్దలుగా జారింది. ముందు తెల్లటి గడ్డం, తరువాత రెండు ఎర్రటి కళ్లు బయటపడ్డాయి.

వెనక నేల అదిరింది. మట్టి మనుషులు వరుస చెదరకుండా వస్తున్నారు. ముగ్గురూ ఊటకు అడ్డంపడి మోకాటిలోతు నీళ్లలో అవతలికి దాటారు. వాళ్ల వెంట దిగిన మట్టి మనుషుల పాదాలు ఉప్పునీళ్లలో కరిగాయి. ముందున్నవాళ్లు కూలితే వెనకవాళ్లు వాళ్ల మీదుగా నడిచారు, వాళ్లూ కూలారు. వాళ్ల గదలన్నీ ఊట అడుగుకు మునిగిపోయాయి.

గుర్రాలు గుహ వైపే ఉండిపోయాయి. కొండ వెనక శ్యామవేణి సన్నటి లోయలో సుళ్లు తిరుగుతూ పారుతోంది. బంకమన్ను మోసే గుండ్రటి తోలు పుట్టి ఒకటి ఒడ్డున కట్టేసి ఉంది. కేదారుడు తాడు కోశాడు. ప్రవాహం పుట్టిని లాక్కుని గిర్రున తిప్పుతూ రాళ్ల మధ్యకు విసిరింది. అతను తెడ్డుతో ఒక బండను తోసి తప్పించేలోపు ఇంకోటి ఎదురవుతోంది. మూడో మలుపు దగ్గర ఆకాశం నల్లబడింది. గుర్రమంత రాబందు మీద కాలజంఘుడు దిగుతున్నాడు. దాని గోళ్లు పుట్టి అంచును పట్టుకుని పైకి లేపాయి. పుట్టి ఒక పక్క నీళ్లలోంచి లేచిపోయింది. కేదారుడు తెడ్డు తిరగేసి రాబందు గోళ్ల మీద బలంకొద్దీ మోదాడు. అదే సమయంలో డేగ రాయిలా పడి రాబందు కంట్లో ముక్కు దించింది. రాబందు అరుస్తూ లోయ గోడను కొట్టుకుంది. కాలజంఘుడు దాని మెడ పట్టుకుని వేలాడుతూ కొండ మలుపులో కనుమరుగయ్యాడు. పుట్టి నీళ్ల మీద దబ్బున పడింది. డేగ ఎడమ రెక్క వాల్చుకుని వచ్చి కువలయ ఒళ్లో చేరింది.

లోయ దాటాక నది వెడల్పై, నెమ్మదించింది. దూరంగా నగరం గోడ మీద జెండాలు కనిపిస్తున్నాయి. ముసలాయన గడ్డంలోని మట్టి కడుక్కుని, ఎండ వంక చూసి, ఇంకా రెండు ఘడియలుంది, అందుతామా అని అడిగాడు. నాయకుడు ఈయన మనసును తప్పుగా అంచనా వేసుకున్నాడనే కేదారుడి నమ్మకం. అందుతామనీ, మీ కంకణంతో పొయ్యి పన్ను పీడ విరగడవుతుందనీ చెప్పాడు.

భల్లటుడు తడి గడ్డం పిండుకున్నాడు. "నాయనా, నువ్వు ప్రాణానికి తెగించి నన్ను తెచ్చావు. నీకు అబద్ధం చెప్పలేను. నా కంకణం కుడివైపున పెట్టబోతున్నాను."

తెడ్డు నీళ్లలో ఆగిపోయింది.

"ప్రమాణం రాసింది మీరు కాదా నాన్నా?" అంది కువలయ.

"నేనే రాశాను. ఆనాడు ఆ రాజు పొయ్యి పన్నుతో నెమళ్లకు స్నానాల గదులు కట్టించాడు. మొన్న నేను కరకట్ట మీద పడుకుని బీటలో చెయ్యి పెట్టాను తల్లీ. మోచేతి దాకా దూరింది. తొలకరి పడితే ముప్పై ఊళ్లు కొట్టుకుపోతాయి. ఆ మాట దారిలో కుశలవర్మకు కబురు పెట్టాను. ఫలితం నువ్వు చూశావు."

"ఆ ముప్పైలో ఉప్పుతిప్ప ఉందా?" అని కేదారుడు అడిగాడు.

"లేదు. మీ ఊరు మెరక మీద ఉంది. మీకు ముంపు లేదు. పన్ను మాత్రం అందరికంటే మీరే ఎక్కువ కట్టాలి. అది అన్యాయమే. వేరే దారి ఉందేమోనని మూడు రోజులు మట్టిలో నిలబడి ఆలోచించాను. తొలకరిలోపు అక్కరకొచ్చేది నాకేదీ తోచలేదు."

పుట్టి ప్రవాహం మధ్యలో నెమ్మదిగా తిరుగుతోంది. కేదారుడు తెడ్డు వేయడం లేదు. అతని కళ్లముందు లక్క పోసిన పొయ్యిలు కనబడ్డాయి, తల్లి వాటి ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం కనబడింది. ఇప్పుడతను ఏమీ చెయ్యనక్కర్లేదు. తెడ్డు ఎత్తి ఒళ్లో పెట్టుకుంటే చాలు. ఇసుక తిన్నె దగ్గర పడి ఉన్న ఒక పల్లెను పుట్టి దాటింది. ఒడ్డున ఒక ముసలమ్మ గేదెను కడుగుతూ వీళ్లను చూసి చెయ్యి ఊపింది. ఆమె ఇంటి గోడ మీద కిందటి వరద తాలూకు మట్టి గీత మనిషి తలంత ఎత్తున ఉంది.

కేదారుడు తెడ్డు నీళ్లలో దించాడు.

"మీ కంకణం ఎటు పెట్టాలో మీ ఇష్టం పెద్దయ్యా. మిమ్మల్ని మండపంలో దించుతాను. ఆ తరువాత గుమ్మం బయట నిలబడి మిమ్మల్ని మొదట తిట్టేవాణ్ణి నేనే."

"తిట్టు నాయనా. నీకా హక్కుంది" అన్నాడు భల్లటుడు.

కువలయ తండ్రి వంక చూడలేదు. డేగ రెక్కను పైటచెంగుతో కట్టి, రెండో తెడ్డు తీసుకుని తనూ వేయసాగింది.

కంచు మండపానికి నది వైపున నీటివాకిలి ఉంది. గోడ కింది కమాను లోంచి పుట్టి లోపలికి పోతే, రాతి మెట్లు తిన్నగా మండపం తలుపు దాకా వెళతాయి. వాళ్లు చేరేసరికి కమానుకు అడ్డంగా ఇనుప చువ్వల తలుపు దిగి ఉంది. గోడ మీద ఇరవై మంది విలుకాళ్లు. వాళ్ల మధ్య కుశలవర్మ ఒంటరిగా, కంకణం లేని చేతితో పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కేదారుడు ద్వారం వదిలి ఉత్తరానికి పోయిన కబురు అతనికి అందింది. గుడ్లురిమి చూడలేదు. చాలా అలసిపోయినట్టు కనబడ్డాడు.

"కేదారా, నిన్ను చంపాలని నాకు లేదు. ఆయన్నీ చంపను. పుట్టి అక్కడే ఆపు. అర ఘడియ ఆపు, చాలు. మూడో శంఖం మోగగానే నేనే దిగి వచ్చి ఆయన కాళ్ల మీద పడతాను. మీ ఊళ్లో ఒక్క పొయ్యీ ఆరదు."

విలుకాళ్లు నారి లాగి పట్టుకున్నారు. లోపల, రాతి సింహం పాదాలకు జానెడు దూరంలో, ఎండ పాకుతోంది.

ఆగుతానన్నట్టు కేదారుడు తల ఊపి, తెడ్డు అడ్డంగా పట్టుకున్నాడు. పుట్టి గోడ దాకా కొట్టుకుపోయి చువ్వలకు తగిలి ఆగింది. అతను ముసలాయన వైపు వంగి, పెదవులు కదలకుండా, ఎంతసేపు ఊపిరి పట్టగలరని అడిగాడు. ఎప్పుడూ పట్టి చూడలేదు, పద, అన్నాడాయన. కువలయ రెక్క కట్టు విప్పి డేగను గాలిలోకి ఎగరేసింది. వాలిన రెక్కతోనే అది తడబడుతూ గోడ మీది ఒక గూట్లో వాలింది.

కేదారుడు ఒక్క ఊపున పుట్టిని బోర్లా తిప్పేశాడు.

మీద నుంచి బాణాలు పుట్టి అడుగున తోలులో టపటపా దిగబడ్డాయి. లోపల చీకట్లో ముగ్గురి తలలూ ఒకచోట చేరాయి. అప్పుడే మొదటి శంఖం మోగింది. కేదారుడు భల్లటుడి నడుము పట్టుకుని మునిగాడు. చువ్వల వెంట తడుముకుంటూ కిందికి, ఇంకా కిందికి జారాడు. వేసవి నీళ్లలో ఇసుక కోసుకుపోయిన చోట చువ్వల మొనలకూ నేలకూ మధ్య మూరెడు సందు చేతికి తగిలింది. ముసలాయన్ని ఆ సందులోంచి అవతలికి తోశాడు. కువలయ తనంతట తానే పాములా జారిపోయింది. అతను తల, ఒక భుజం దూర్చాడు. అంతలో పైన తలుపు దించే చక్రం కిర్రుమంది. చువ్వలు ఇంకో జానెడు దిగి అతని వీపును ఇసుకలోకి అదిమేశాయి.

అవతల మెట్ల దగ్గర తండ్రీ కూతుళ్లు నీళ్లలోంచి లేచారు. మూడో తల లేవలేదు. నీళ్ల మీద బుడగలు మాత్రం వస్తున్నాయి. భల్లటుడు వెనక్కి తిరిగాడు. కువలయ అతని భుజం పట్టుకుని మెట్ల వైపు తిప్పింది.

"మీరు వెళ్లండి నాన్నా. అతను మిమ్మల్ని తెచ్చింది అందుకే" అని ఊపిరి నింపుకుని మళ్లీ మునిగింది.

రెండో శంఖం మోగింది. ముసలాయన పాచిపట్టిన మెట్లు చేతులతో కాళ్లతో పాకుతూ ఎక్కాడు. నీళ్లోడుతున్న ధోవతి కాళ్లకు చుట్టుకుంటోంది. ఒకసారి జారి మోకాలు చీరుకుపోయింది, మళ్లీ లేచాడు. వెనక నీళ్లలో ఏమవుతోందో చూడడానికి తల తిప్పలేదు. చివరి మెట్టు ఎక్కి తలుపు నెట్టాడు. కంచు తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది.

భల్లటుడు రెండు పిడికిళ్లతో తలుపు మీద బాదాడు. లోపల శంఖం పట్టుకున్నవాడు మూడోసారి ఊపిరి పీల్చుకున్నాడు.